షట్టర్‌కు వద్దు, నాయిన ఫ్యానుకు ఉండనివ్వండి

ప్రశ్న: మాది హాలియా. కింద ఎరువుల దుకాణం, పైన ఇల్లు. మా బావమరిది కోఠి గుజరాతీ గల్లీ నుంచి రిమోట్ బోర్డులు నాలుగు తెచ్చిండు. చవకగానే దొరికినయి. నాయినకు మోకాళ్ల నొప్పులు, రాత్రిపూట మంచం దిగలేడు. ఆయన గదిలో ఫ్యానుకు, లైటుకు ఒక బోర్డు పెట్టినం. వాకిట్లో లైటుకు ఒకటి, సంపు మోటారుకు ఒకటి పెట్టినం. నాలుగోది దుకాణం షట్టర్ మోటారుకు పెడదామని ఉంది. అయితే కొద్దిరోజుల నుంచి వాకిట్లో లైటు అర్ధరాత్రి దానంతట అదే వెలుగుతున్నది. మా ఇంటామె ఏదో సోకిందని గుమ్మానికి నిమ్మకాయలు కడుతున్నది. బావమరిదేమో ఎవరో హ్యాక్ చేస్తున్నరు, అన్నీ పీకేసి వైఫై స్విచ్చులు పెట్టుకుందాం అంటున్నడు. ఎవరి మాట వినాలె? షట్టర్‌కు ఇది పెట్టొచ్చా?

– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: షట్టర్‌కు పెట్టకండి. నాయిన గదిలోది మాత్రం ఎవరేమన్నా తీయకండి. సంపు మోటారుకు రిమోట్ ఉన్నా ఫరవాలేదు గానీ, దాని వైరింగ్ ఎలా ఉందో రేపే చూపించుకోండి. మీరు ఆ సంగతి ఏమీ రాయలేదు, నాకు అసలు టెన్షన్ అక్కడే ఉంది.

ముందు వాకిట్లో లైటు సంగతి తేలుద్దాం. నా అనుమానం మీ నాయిన మీద.

నాలుగు బోర్డులూ ఒకేసారి, ఒకే షాపులో కొన్నారు. ఇలాంటి వాటిలో చాలావరకు పీటీ2262 అనే చిప్పు, లేదా దానికి నకలుగా వచ్చిన ఇంకో చిప్పు ఉంటుంది. రిమోట్ వెనక స్క్రూ విప్పి చూడండి. చిప్పు పక్కన వరుసగా ఎనిమిది చోట్ల చిన్న చిన్న టంకం చుక్కలు పెట్టే వీలుంటుంది, ఒకవైపు ఎల్ అనీ, ఇంకోవైపు హెచ్ అనీ రాసి ఉంటుంది. ఒక్కో చోట ఎల్ వైపు కలపొచ్చు, హెచ్ వైపు కలపొచ్చు, లేదా ఖాళీగా వదిలేయొచ్చు. ఇలా ఎనిమిది చోట్ల మూడేసి రకాలు అంటే మొత్తం 6,561 కోడ్లు పెట్టుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఖాళీగానే వస్తాయి. అమ్మేవాడు కలపడు, కొన్నవాళ్లు విప్పి చూడరు. దాంతో ఒకే సరుకులో వచ్చిన బోర్డులన్నింటికీ కోడ్ ఒకటే అవుతుంది.

ఇప్పుడు ఫ్యాను ‘ఏ’ బటన్ మీద, వాకిట్లో లైటు ‘బీ’ బటన్ మీద ఉన్నాయనుకోండి. మీ నాయిన చీకట్లో ఫ్యాను ఆపుదామని రిమోట్ తడుముతాడు. ‘ఏ’ బదులు ‘బీ’ నొక్కుతాడు, గదిలో దానికి ఏదీ కలిపి లేకపోతే ఏమీ కాదు, మళ్లీ ‘ఏ’ నొక్కుతాడు. ఆ బీ సిగ్నల్ కిటికీలోంచి కిందికి దిగి వాకిట్లో బోర్డుకు అందితే లైటు వెలుగుతుంది. దూరం అంచున ఉంటే ఒకరోజు అందుతుంది, ఇంకోరోజు అందదు. అందుకే మీకు దానంతట అదే వెలిగినట్టు కనిపిస్తున్నది. రెండు రాత్రులు ఆయన రిమోట్‌లో బ్యాటరీ తీసి, మంచం పక్కన మామూలు స్విచ్చు అందేటట్టు ఏర్పాటు చేసి చూడండి. లైటు వెలగకపోతే దొంగ దొరికినట్టే. ఆయన్ను ఏమీ అనకండి.

అది కాకపోతే తర్వాతి అనుమానం పక్కింటి వాళ్ల మీద. వాళ్లు కూడా ఇదే రకం బోర్డు పెట్టుకుని ఉండొచ్చు, లేదా ఇదే చిప్పుతో వచ్చిన వైర్‌లెస్ బెల్లు కొని ఉండొచ్చు. ఈ రిమోట్లన్నీ 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. తక్కువ పవరుతో వాడుకుంటే మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండు అది. బెల్లులు, బొమ్మలు, షట్టర్ రిమోట్లు, కొన్ని కార్ల తాళాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇంకో సంగతి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆన్ అయ్యే బోర్డులు కూడా ఉన్నాయి. లైటు వెలిగిన రాత్రి కరెంటు పోయిందా అని ఒకసారి గుర్తు చేసుకోండి. మెయిన్ ఆపి వేసి చూస్తే అది అక్కడికక్కడే తేలిపోతుంది. ఊరికే గాలిలో ఉన్న రేడియో గోలకు ఇవి వెలగడం మాత్రం అరుదు, కోడ్ మొత్తం సరిపోతే తప్ప రిలే, అంటే బోర్డులో స్విచ్చులా పడే ముక్క, కదలదు.

మందు సులువే. నాలుగు బోర్డులకు నాలుగు వేర్వేరు కోడ్లు పెట్టించండి. రిమోట్‌లో ఎక్కడ టంకం పెడితే బోర్డులోనూ సరిగ్గా అక్కడే పెట్టాలి. టీవీలు బాగుచేసే ఎవరైనా పావుగంటలో చేసిపెడతారు. చిప్పు మీద ఈవీ1527 అని ఉంటే మాత్రం టంకం గొడవ లేదు. దానిలో ఫ్యాక్టరీలోనే 20 బిట్ల (సున్నా, ఒకటి అంకెల) నంబరు రాసి పంపుతారు, అంటే పది లక్షల పైచిలుకు నంబర్లు. బోర్డు మీద లెర్న్ బటన్ ఉంటుంది, పాత రిమోట్లన్నీ చెరిపేసి మీది ఒక్కటే మళ్లీ నేర్పించండి.

కోడ్ మార్చాక పక్కింటి బెల్లు బాధ తప్పుతుంది, సరే. షట్టర్‌కు పెట్టొచ్చు కదా అని మీ బావమరిది అడుగుతాడు. అడగనివ్వండి.

పీటీ2262 అయినా ఈవీ1527 అయినా బటన్ నొక్కిన ప్రతిసారీ పంపేది ఒకే నంబరు. నిన్న పంపిందే ఇవాళ, ఇవాళ్టిదే వచ్చే దసరాకు. బజారులో నిలబడి నా పెట్టె తాళం గుర్తు ఫలానా అని రోజూ అరిచినట్టే. దాన్ని విన్నవాడికి చిప్పు గురించి తెలియాల్సిన పని లేదు, అర్థం చేసుకోవాల్సిన పని కూడా లేదు. రికార్డు చేసుకుని మళ్లీ వినిపిస్తే చాలు, మీ బోర్డు వాడి మాటే వింటుంది.

దీనికి పెద్ద సామాను కావాలనుకుంటున్నారేమో. రిమోట్ పోగొట్టుకున్న వాళ్ల కోసం కాపీ రిమోట్లు చవకగా అమ్ముతున్నారు. అసలు రిమోట్, కాపీ రిమోట్ రెండూ ఎదురెదురుగా పెట్టి ఒక్కో బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే కోడ్ ఇందులోకి వచ్చేస్తుంది. మీకు ఒక పరీక్ష కూడా ఇదే. మామూలు కాపీ రిమోట్‌కు మీ రిమోట్ లొంగిందంటే అది మారని కోడ్ రిమోటే. ఎదురెదురుగా పెట్టే అవకాశం లేనివాడికి ఇంకో దారి ఉంది. టీవీ చూడటానికి తయారైన యూఎస్‌బీ ట్యూనర్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి ఈ సిగ్నళ్లు వినొచ్చని 2012 నుంచీ లోకానికి తెలుసు. ఆర్‌టీఎల్433 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ సిగ్నల్ ఏ రకం చిప్పుదో, నంబరు ఎంతో కూడా తెర మీద చూపిస్తుంది. దానితో వినడమే కుదురుతుంది. తిరిగి పంపడానికి మీ బావమరిది తెచ్చినలాంటి ట్రాన్స్‌మిటర్ ముక్క ఒకటి చాలు.

దూరం సంగతి కూడా చాలామంది తప్పుగా అనుకుంటారు. మా రిమోట్ ముప్పై అడుగులు దాటితే పనిచేయదు, బయటివాడికి ఎలా వినిపిస్తుంది అంటారు. ఆ ముప్పై అడుగులు మీ బోర్డులో ఉన్న చవక రిసీవర్ చెవి ఎంత మందమో చెప్తాయి, అంతే. మంచి రిసీవర్, మంచి యాంటెన్నా ఉన్నవాడికి రోడ్డవతల హోటల్‌లో చాయ్ తాగుతూ కూర్చున్నా వినిపిస్తుంది. మీరు షట్టర్ దించేది రోజూ దాదాపు ఒకే టైముకు. వాడికి ఒక్క సాయంత్రం చాలు.

వినకుండా కూడా తెరవొచ్చు. 2015లో సామీ కామ్‌కార్ అనే అమెరికా పరిశోధకుడు పిల్లలు మెసేజులు పంపుకునే ఒక పాత బొమ్మను మార్చి, మారని కోడ్‌తో నడిచే గ్యారేజీ తలుపులను 10 సెకన్లలోపు తెరిచి చూపించాడు. అవి 8 నుంచి 12 బిట్ల చిన్న కోడ్లు. ఒక్కో కోడ్ విడివిడిగా పంపితే చాలాసేపు పడుతుంది కాబట్టి, ఒక కోడ్ తోక ఇంకో కోడ్‌కు తల అయ్యేటట్టు అన్నింటినీ ఒకే గొలుసుగా పంపాడు. మీ చిప్పుకు సిగ్నల్ తీరు వేరు, అదే బొమ్మ మీ మీద పనిచేయదు. కానీ కోడ్లు కొన్నే ఉన్నప్పుడు కోడ్ రహస్యంగా ఉంచడం ఎంత బలహీనమైన కాపలానో అది చూపించింది.

హాలియాలో ఇంత తెలివి ఉన్న దొంగ ఉన్నాడా అంటే, ఉన్నాడని నేననుకోను. ఇక్కడి దొంగ గునపం తెస్తాడు, లేదా కట్టర్ తెస్తాడు. ఈ ఒక్క కారణం చెప్పి షట్టర్‌కు పెట్టుకోండి అనేవాణ్ణే. అయితే ఇంకొకటి ఉంది, అది డబ్బుకు సంబంధించింది.

దుకాణానికి మీరు బర్గ్లరీ (దొంగతనం) ఇన్సూరెన్సు తీసుకుని ఉంటే పాలసీ కాగితం తీసి చదవండి. చాలా పాలసీల్లో బలవంతంగా, పగలగొట్టి లోపలికి వచ్చిన ఆనవాళ్లు ఉండాలన్న షరతు ఉంటుంది. ఇలాంటి షరతు ఉన్న పాలసీ మీద 2004లో సుప్రీంకోర్టు దాకా ఒక కేసు వెళ్లింది. బలప్రయోగం లేకుండా జరిగిన దొంగతనం ఆ పాలసీ కిందికి రాదని కోర్టు తేల్చింది. గునపంతో వచ్చినవాడు షట్టర్ వంచుతాడు, తాళం విరుగుతుంది, పోలీసులు పంచనామా రాస్తారు. రిమోట్‌తో వచ్చినవాడు షట్టర్ ఎత్తి, పని చూసుకుని, మళ్లీ దించి పోతాడు. షట్టర్ మీద గీత కూడా పడదు. తర్వాత మీ గుమస్తా మీద అనుమానం పడుతుంది, క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

షట్టర్‌కు మోటారు మాత్రం పెట్టుకోండి, వయసులో ఉన్నవాళ్లకైనా ఎరువుల దుకాణం షట్టర్ రోజూ ఎత్తడం కష్టమే. రిమోట్ మాత్రం రోలింగ్ కోడ్‌ది, అంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారేది, అడగండి. అమ్మేవాడు అంతా రోలింగే సార్ అంటాడు. కాపీ రిమోట్ తీసుకెళ్లి వాడి ముందే కాపీ చేసి చూడండి. కాపీ అయి షట్టర్ కదిలిందంటే వాడి మాట అబద్ధం.

ఈ రకం రిమోట్‌లో హెచ్‌సీఎస్301 లాంటి చిప్పు ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ లోపల లెక్క ఒకటి పెరుగుతుంది, ఆ లెక్కను రహస్య తాళంతో కలిపి గజిబిజి చేసి పంపుతుంది. రిసీవర్ చివరిసారి విన్న లెక్క గుర్తుపెట్టుకుని, దాని తర్వాతి వాటినే ఒప్పుకుంటుంది. నిన్నటి సిగ్నల్ రికార్డు చేసుకున్నవాడికి అది ఇవాళ పనికిరాదు. పిల్లలు రిమోట్ పట్టుకెళ్లి ఇంకో ఊళ్లో ఆడుకుంటూ పదహారుసార్లకు మించి నొక్కారనుకోండి, తిరిగి వచ్చాక మొదటి నొక్కుకు షట్టర్ కదలదు. వెంటనే ఇంకోసారి నొక్కితే లెక్క కలుస్తుంది. పాడైందని మార్చేయకండి. ఈ పద్ధతికీ లొసుగులు ఉన్నాయి. ఆ చిప్పులో వాడే కీలాక్ అనే గుప్త పద్ధతిని 2008లో జర్మనీ పరిశోధకులు ఛేదించారు. 2015లో కామ్‌కారే మళ్లీ ఇంకో పరికరం చూపించాడు. అది మీ సిగ్నల్ రిసీవర్‌కు అందకుండా అడ్డుపడి, ఆ సిగ్నల్‌ను తను దాచుకుంటుంది. మీరు పనిచేయలేదని రెండోసారి నొక్కితే మొదటిది వదిలి షట్టర్ కదిలిస్తుంది, రెండోది వాడనిదిగా వాడి దగ్గర ఉండిపోతుంది. అందుకే నేను రోలింగ్ కోడ్‌ను కూడా తాళంగా లెక్కపెట్టను.

మీకు ఒక వసతి ఉంది, ఇల్లు పైనే. షట్టర్ మోటారుకు వెళ్లే కరెంటును పైన పడకగదిలో ఒక స్విచ్చు మీదుగా తిప్పించండి. రాత్రి దుకాణం మూశాక ఆ స్విచ్చు ఆపేయండి. ఇక ఎవడి దగ్గర ఏ కోడ్ ఉన్నా మోటారు కదలదు. కింద రెండు పక్కలా పాత తాళాలు ఎప్పటిలాగే వేయండి. తాళాలు వేసి ఉన్నప్పుడు పొరపాటున మీరే రిమోట్ నొక్కినా మోటారు కాలిపోకుండా ఈ స్విచ్చే కాపాడుతుంది.

మొబైల్ సిమ్ వేసుకునే చవక అలారం పెట్టెలు కూడా ఉన్నాయి, మీ బావమరిది వాటి మాట ఎత్తితే ఒకటి గుర్తుంచుకోండి. వాటిలో చాలావాటి రిమోట్లు ఇదే మారని కోడ్‌వి. అలారం ఆపే బటన్ సిగ్నల్ రికార్డు చేసుకున్నవాడు బయట నిలబడే దాన్ని ఆపేస్తాడు.

ఇక సంపు మోటారు. దీని మీదే ఎక్కువ రాయాల్సి వస్తోంది, ఎందుకంటే ఇక్కడ హ్యాకర్ లేకపోయినా ప్రాణాపాయం ఉంది.

బోర్డు మీద ఉన్న నీలం రిలే పైన 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు దాని లోపలే తీసుకుంటుంది. కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే లోపలి పాయింట్లు ఒకరోజు అతుక్కుపోతాయి. మీరు ఆఫ్ నొక్కుతారు, రిమోట్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఆగిపోయిందనుకుని పడుకుంటారు. మోటారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ రిమోట్లకు తిరిగి జవాబు చెప్పే గుణం లేదు. బటన్ నొక్కితే వెలిగే లైటుకు అర్థం సిగ్నల్ పంపాను అనే, పని అయ్యింది అని కాదు. ట్యాంకు పొర్లితే నీళ్లు పోతాయి, సంపు ఎండితే మోటారు కాలుతుంది. అందుకని రిలేతో మోటారును నేరుగా నడపకండి. రిలేతో ఒక కాంటాక్టర్‌ను (మోటారు బరువు తట్టుకునే పెద్ద స్విచ్చును) లాగించండి, కాంటాక్టర్‌తో మోటారును నడపండి. ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్చు (నీటి మట్టాన్ని బట్టి పడేది), సంపులో ఒకటి పెట్టి వాటిని కాంటాక్టర్ కాయిల్‌తో వరుసలో కలపండి. అప్పుడు రిమోట్ ఎవరు నొక్కినా, మీ నాయినైనా పక్కింటి బెల్లైనా, నష్టం లేదు.

నల్లగొండ బత్తాయి తోటల్లో, పాలమూరు పల్లి చేలల్లో త్రీఫేజ్ బోర్లకు కూడా కొందరు ఇవే బోర్డులు బిగిస్తున్నారు. చదివే రైతులకు ఒక మాట. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, ఎర్ర బటన్‌కు వరుసలో ఇంకో రిలే, రెండూ నొక్కినంతసేపే పనిచేసే రకంవి పెట్టించండి. అప్పుడు కరెంటు పోయి వస్తే స్టార్టర్ పడిపోయే ఉంటుంది, మోటారు తనంతట తాను లేవదు. ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే రకం బోర్డును స్టార్టర్ బదులుగా పెడితే ఆ రక్షణ పోతుంది. బోర్డు పెట్టాక ఇంటిల్లిపాదికీ ఒకటి చెప్పండి: మోటారు మీద, వైర్ల మీద, డబ్బాలో చెయ్యి పెట్టే ముందు రిమోట్‌తో ఆపడం కాదు, మెయిన్ దించి ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి. మీరు గుంతలోకి వంగి ఉన్నప్పుడు ఇంట్లో పిల్లవాడు బటన్ నొక్కొచ్చు.

ఇంకో రెండు చిన్న సంగతులు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. రిలే ఫేజ్ వైరు మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా అన్నది మొదటిది. న్యూట్రల్ మీద ఉంటే లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. రెండోది యాంటెన్నా. నేరుగా 230 వోల్టులకు కలిపే చవక బోర్డుల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్‌తోనే వోల్టేజి దించుతారు. అలాంటి బోర్డులో ప్రతి ముక్కా కరెంటుతో ఉన్నట్టే లెక్క, ఆ చిన్న యాంటెన్నా తీగ కూడా. దూరం పెరగాలని దాన్ని పెట్టె బయటికి లాగి వదలకండి. ఈ రేడియోకు సరైన తీగ పొడవు 17 సెంటీమీటర్ల చిల్లర, జానెడుకు తక్కువే. ప్లాస్టిక్ పెట్టె కాస్త పెద్దది తీసుకుని లోపలే నిలువుగా నిలబెట్టండి. ఇనుప డబ్బాలో పెడితే సిగ్నల్ అందదు.

వైఫై స్విచ్చుల మాటకొస్తే, అవి చెడ్డవని నేననను. మీ రౌటర్ పాస్‌వర్డు గట్టిదైతే రోడ్డు మీద నిలబడి సిగ్నల్ రికార్డు చేసి మళ్లీ పంపడం వాటి దగ్గర సాగదు. స్విచ్చు పడిందో లేదో ఫోన్‌లో తెలుస్తుంది కూడా. కానీ నెట్ పోయినరోజు, కంపెనీ సర్వర్ ఆగినరోజు కొన్నింటి యాప్ పనిచేయదు. మీ నాయిన ఫోన్ తెరిచి, యాప్ వెతికి, ఫ్యాను బొమ్మ మీద నొక్కాలి. ఆ వయసులో చీకట్లో చేతికి తగిలే నాలుగు బటన్ల రిమోటే మేలు. ఆయన ఫ్యాను ఎవడో తిప్పితే పోయేదేమీ లేదు. ఎప్పుడైనా ఆ ఫ్యానే మార్చాల్సి వస్తే బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే రకం) తీసుకోండి, చాలావాటితో టీవీ రిమోట్ లాంటిది వస్తుంది. దాని సిగ్నల్ గోడ దాటదు, వాకిట్లో లైటుకు అసలు అందదు, వేగం కూడా తగ్గించుకోవచ్చు. ఇప్పుడున్న రిమోట్‌తో అది కుదరదు, ఆన్ ఆఫ్ అంతే.

ఆయన రిమోట్‌కు పడేది సాధారణంగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ, 27ఏ లేదా 23ఏ. రెండింటి వోల్టేజి ఒకటే గానీ సైజు వేరు, పాతది పట్టుకెళ్లి చూపించి తెచ్చుకోండి. ఫ్యానుకు ఉన్న ‘ఏ’ బటన్ మీద కొంచెం మందంగా టేపు ముక్క అంటించండి, ‘బీ’ జోలికి వెళ్లడు.